శాసనసభల్లో నైతిక విలువల కమిటీ - పాత్ర, పరిధి, పరిమితులు

శాసనసభ్యుని ప్రవర్తనపై ఫిర్యాదు వచ్చినప్పుడు దానిని విచారించవలసినది ఎవరు అన్న ప్రశ్న తరచుగా తలెత్తుతూ ఉంటుంది. నేరం జరిగితే పోలీసులు, న్యాయస్థానాలు ఉన్నాయి. ఎన్నికల అక్రమం జరిగితే ఎన్నికల పిటిషన్‌కు మార్గం ఉంది. పార్టీ ఫిరాయింపు జరిగితే రాజ్యాంగంలోని పదవ షెడ్యూలు ఉంది. అయితే చట్టం దృష్టిలో నేరం కాకపోయినా, సభ గౌరవానికి, ప్రజలు ఉంచిన నమ్మకానికి తగని ప్రవర్తన ఒకటి ఉంటుంది. అట్టి ప్రవర్తనను సభ తనంతట తానుగా పరిశీలించి సరిదిద్దుకొనుటకు ఏర్పడినదే నైతిక విలువల కమిటీ. వాడుకలో దీనిని ఎథిక్స్ కమిటీ అని వ్యవహరిస్తున్నారు. ఈ కమిటీ ఆవిర్భావం, అధికారాలు, విచారణ విధానం, న్యాయస్థానాలు దానికి నిర్దేశించిన హద్దుల గురించి పాత్రికేయులకు, అధికారులకు ఉపయోగపడే సమాచారాన్ని ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

రాజ్యాంగ ప్రాతిపదిక

రాజ్యాంగంలో నైతిక విలువల కమిటీ ప్రస్తావన ఎక్కడా లేదు. రాష్ట్ర శాసనసభలకు, వాటి సభ్యులకు, కమిటీలకు ఉండే అధికారాలను, హక్కులను 194వ అధికరణం పేర్కొంటున్నది. సభా కార్యక్రమాల నిర్వహణకు అవసరమైన నియమాలను రూపొందించుకునే అధికారాన్ని 208వ అధికరణం ఆయా సభలకు కల్పించింది. ఈ రెండింటి ఆధారంగానే సభలు తమ నియమావళిలో కమిటీలకు చోటు కల్పించుకుంటున్నాయి. కావున ఒక రాష్ట్ర శాసనసభలోని కమిటీకి ఉన్న సభ్యుల సంఖ్య, ఫిర్యాదు స్వీకరించే పద్ధతి మరొక రాష్ట్రంలోని కమిటీకి వర్తించవు. ఏదైనా ఒక ఉదంతం గురించి వ్రాసేటప్పుడు ఆ సభ నియమావళినే ప్రమాణంగా తీసుకోవలసి ఉంటుంది.

ముద్గల్ ఉదంతం

స్వతంత్ర భారతదేశంలో సభ్యుని నైతిక ప్రవర్తనపై సభ జరిపిన తొలి ప్రముఖ విచారణ 1951 నాటిది. తాత్కాలిక పార్లమెంటు సభ్యుడైన హెచ్.జి. ముద్గల్, బొంబాయి బులియన్ వర్తకుల సంఘం నుంచి ప్రతిఫలం పొంది, వారి ప్రయోజనాలకు అనుకూలంగా పార్లమెంటులో ప్రశ్నలు వేసి, సవరణలు ప్రతిపాదించారన్న ఆరోపణ వచ్చింది. దీనిపై శ్రీ టి.టి. కృష్ణమాచారి అధ్యక్షతన ఐదుగురు సభ్యులతో కమిటీ ఏర్పాటయింది. ఆయన ప్రవర్తన సభా గౌరవానికి భంగకరమని కమిటీ నిర్ధారించింది. బహిష్కరణ తీర్మానం ఆమోదం పొందబోయే తరుణంలో 1951 సెప్టెంబరులో ముద్గల్ రాజీనామా సమర్పించారు. తీర్మాన ఫలితం నుంచి తప్పించుకొనుటకే రాజీనామా చేయడాన్ని సైతం సభ గర్హించింది. అప్పటికి శాశ్వతమైన నైతిక విలువల కమిటీ లేదు. అవసరం ఏర్పడినప్పుడు ప్రత్యేక కమిటీని నియమించుకొనే పద్ధతే ఆ తరువాత అనేక సంవత్సరాలు కొనసాగింది.

శాశ్వత కమిటీల ఏర్పాటు

నైతిక విలువల పరిశీలనకు ప్రత్యేక కమిటీ ఉండాలన్న ఆలోచన 1996లో ఢిల్లీలో జరిగిన సభాధ్యక్షుల సమావేశంలో రూపుదిద్దుకుంది. 1997 మార్చి 4వ తేదీన అప్పటి రాజ్యసభ అధ్యక్షులు శ్రీ కె.ఆర్. నారాయణన్ రాజ్యసభలో ఈ కమిటీని నియమించారు. శ్రీ ఎస్.బి. చవాన్ దానికి తొలి అధ్యక్షులు.

లోక్‌సభలో ఈ కమిటీని 2000 సంవత్సరంలో ఏర్పాటు చేసినవారు తెలుగువారైన శ్రీ జి.ఎం.సి. బాలయోగి. అమలాపురం నుంచి లోక్‌సభకు ఎన్నికై, 1998లో సభాపతి పదవిని చేపట్టిన శ్రీ బాలయోగి, మాజీ ప్రధానమంత్రి శ్రీ చంద్రశేఖర్ అధ్యక్షతన ఆ కమిటీని నియమించారు. అయితే అది తాత్కాలిక ప్రాతిపదికన ఏర్పడినది. లోక్‌సభ నియమావళిలో దానికి శాశ్వత స్థానం లభించినది 2015లో మాత్రమే. రాజ్యసభ కమిటీలో 10 మంది, లోక్‌సభ కమిటీలో 15 మంది సభ్యులు ఉంటారు.

2001 నవంబరు 25వ తేదీన న్యూఢిల్లీలో సభాధ్యక్షులు, ముఖ్యమంత్రులు, శాసనసభా వ్యవహారాల మంత్రులు, వివిధ పక్షాల నాయకులు, విప్‌లు పాల్గొన్న అఖిల భారత సదస్సు సభలలో క్రమశిక్షణ, మర్యాదలపై చర్చించి, ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. శ్రీ ఎం. వీరప్ప మొయిలీ అధ్యక్షతన ఏర్పడిన రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో సమర్పించిన పరిపాలనలో నైతికత అనే నివేదికలో, పార్లమెంటు ఉభయ సభలకు నైతిక విలువల కమిషనర్ కార్యాలయాలు ఉండాలని సూచించింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ కమిటీలలోనూ సభాహక్కులు, పిటిషన్లు, ప్రభుత్వ హామీల కమిటీలతోపాటు నైతిక విలువల కమిటీకి స్థానం ఉంది.

కమిటీ విధులు

ఈ కమిటీ విధులు స్థూలంగా మూడు విధాలు. సభ్యుల నైతిక ప్రవర్తనను పర్యవేక్షించడం మొదటిది. ప్రవర్తనా నియమావళిని రూపొందించి, కాలానుగుణంగా సవరణలు సూచించడం రెండవది. నియమాల ఉల్లంఘనపై వచ్చిన ఫిర్యాదులను విచారించి, తగిన చర్యను సభకు సిఫార్సు చేయడం మూడవది. పత్రికల దృష్టి సాధారణంగా మూడవ విధిపైనే ఉంటుంది. అయితే మొదటి రెండు విధులు సక్రమంగా నెరవేరిన సభలో మూడవ దాని అవసరం తక్కువగా ఏర్పడుతుందన్నది గమనించదగిన విషయం.

రాజ్యసభ కమిటీ సిఫార్సు చేసిన 14 సూత్రాల నియమావళి ఇందుకు మంచి నమూనాగా పేరు పొందింది. స్వప్రయోజనానికి, ప్రజా బాధ్యతకు మధ్య వైరుధ్యం ఏర్పడితే ప్రజా బాధ్యతకే సభ్యుడు కట్టుబడాలి. సభలో ఓటు వేయుటకు, వేయకుండుటకు, బిల్లు ప్రవేశపెట్టుటకు, ప్రశ్న అడుగుటకు ఎట్టి ప్రతిఫలాన్నీ ఆశించరాదు, స్వీకరించరాదు. విధి నిర్వహణను ప్రభావితం చేయగల బహుమతులు తీసుకోరాదు. స్వల్ప విలువ గల జ్ఞాపికలు, సంప్రదాయబద్ధమైన ఆతిథ్యం ఇందుకు మినహాయింపు. పదవి రీత్యా తెలిసిన రహస్య సమాచారాన్ని సొంత లాభానికి వాడుకోరాదు. తమకు స్వయంగా తెలియని వ్యక్తులకు, సంస్థలకు ధ్రువపత్రాలు ఇవ్వరాదు. తమకు కల్పించిన సదుపాయాలను దుర్వినియోగం చేయరాదు.

ఇవి కాగితంపై సాధారణ సూత్రాలుగా కనిపించినప్పటికీ నిత్య వ్యవహారంలో వీటి ప్రాధాన్యం ఎక్కువ. ఉదాహరణకు, తిరుమల దర్శనానికి గాని, వసతి గృహంలో గదికి గాని, ఆసుపత్రిలో చికిత్సకు గాని శాసనసభ్యుడు ఇచ్చే సిఫార్సు లేఖ ఆయన పదవికి సంబంధించిన సదుపాయం. ఆ లేఖ అవసరం గల సామాన్యునికి చేరితే అది ప్రజాసేవ. అదే లేఖ దళారి చేతిలో సరుకుగా మారితే అది సదుపాయ దుర్వినియోగం. ఆ వ్యవహారం పోలీసు కేసుగా నిలబడినా, నిలబడకపోయినా సభ దానిని ప్రశ్నించవచ్చు.

సభ్యుల ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరు మరొక ముఖ్య సాధనం. రాజ్యసభలో 293వ నియమం కింద ఈ రిజిస్టరును నిర్వహిస్తున్నారు. వేతనం లభించే డైరెక్టరు పదవి, క్రమబద్ధంగా ప్రతిఫలం లభించే వ్యాపకం, సంస్థపై అదుపునిచ్చే స్థాయిలో వాటాలు, రుసుముపై సలహాదారుగా వ్యవహరించడం, వృత్తిపరమైన ఒప్పందం అనే ఐదు అంశాలను సభ్యులు ఇందులో ప్రకటించవలసి ఉంటుంది. ఎన్నికల అఫిడవిట్ నామినేషన్ నాటి ఆస్తులను తెలుపగా, ఈ రిజిస్టరు సభ్యత్వ కాలంలోని ప్రయోజనాలను తెలుపుతుంది. రెండూ ఒకటి కావు.

ఇతర వ్యవస్థలతో భేదం

నైతిక విలువల కమిటీని సభాహక్కుల కమిటీగా పొరబడటం వార్తలలో తరచుగా కనిపిస్తున్నది. సభకు, సభ్యులకు ఉన్న హక్కులకు భంగం కలిగినప్పుడు సభాహక్కుల కమిటీ విచారణ జరుపుతుంది. భంగం కలిగించినవారు సభ్యులు కావచ్చు, బయటి వ్యక్తులు కావచ్చు, అధికారులు, పత్రికలు కూడా కావచ్చు. 1980వ దశకంలో శాసనమండలి కార్యక్రమాల వార్తకు ఒక తెలుగు దినపత్రిక పెట్టిన శీర్షికపై చేపట్టిన సభాహక్కుల చర్య సుప్రీంకోర్టు వరకు వెళ్లిన సంగతి పాత్రికేయ లోకానికి విదితమే. నైతిక విలువల కమిటీ పరిధి ఇంత విస్తృతమైనది కాదు. అది సభ్యుల ప్రవర్తనను మాత్రమే పరిశీలిస్తుంది. బయటి వ్యక్తులు దాని ముందు సాక్షులుగా హాజరు కావచ్చునే తప్ప నిందితులుగా కాదు.

ఫిరాయింపుల అంశంపై నిర్ణయాధికారం పదవ షెడ్యూలు ప్రకారం సభాధ్యక్షులది. లాభదాయక పదవి వంటి 191వ అధికరణంలోని అనర్హతలపై ఎన్నికల సంఘం అభిప్రాయం పొంది 192వ అధికరణం కింద గవర్నరు నిర్ణయం తీసుకుంటారు. అనుమతి లేకుండా 60 రోజులపాటు సమావేశాలకు హాజరు కాని సభ్యుని స్థానం ఖాళీ అయినట్లు 190వ అధికరణం నాలుగవ క్లాజు కింద ప్రకటించే అధికారం సభకు ఉంది. ఈ అంశాలేవీ నైతిక విలువల కమిటీ తేల్చవలసినవి కావు.

క్రిమినల్ చట్టానికి కూడా ఈ కమిటీ ప్రత్యామ్నాయం కాదు. సభలో ఓటుకు, ప్రసంగానికి లంచం తీసుకున్న సభ్యునికి రాజ్యాంగపరమైన రక్షణ ఉండదని 2024 మార్చి 4వ తేదీన సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. 1998 నాటి పి.వి. నరసింహారావు కేసు తీర్పును ఈ సందర్భంగా తోసిపుచ్చింది. కావున ఒకే ఉదంతంపై సభ తన విచారణను, దర్యాప్తు సంస్థ తన దర్యాప్తును వేర్వేరుగా జరపవచ్చు.

విచారణ విధానం

ఫిర్యాదు లిఖితపూర్వకంగా, మర్యాదకరమైన భాషలో, ఆధారాలతో ఉండాలన్నది సాధారణ నియమం. రాజ్యసభలో ఏ వ్యక్తి అయినా ఫిర్యాదు చేయవచ్చు. లోక్‌సభలో బయటి వ్యక్తి చేసే ఫిర్యాదు ఒక సభ్యుని ద్వారా రావలసి ఉంటుంది. కేవలం పత్రికా వార్తను మాత్రమే ఆధారం చేసుకున్న ఫిర్యాదును, న్యాయస్థానాల పరిశీలనలో ఉన్న అంశంపై వచ్చిన ఫిర్యాదును స్వీకరించరు.

ప్రాథమిక పరిశీలనలో ఫిర్యాదులో పస లేదని తేలితే కమిటీ దానిని ముగిస్తుంది. విచారణ అవసరమని భావిస్తే సంబంధిత సభ్యునికి ఆరోపణలను తెలియజేసి, వివరణ కోరి, సాక్ష్యాలను నమోదు చేస్తుంది. అనంతరం సభాధ్యక్షులకు లేదా సభకు నివేదిక సమర్పిస్తుంది. అభిశంసన, మందలింపు, నిర్ణీత కాలం సస్పెన్షన్, కమిటీ తగినదని భావించిన మరేదైనా చర్య అని రాజ్యసభ 297వ నియమం దండనలను పేర్కొంటున్నది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఒకటి ఉంది. కమిటీ సిఫార్సు మాత్రమే చేస్తుంది. నిర్ణయం సభది. సభ్యుని కమిటీ బహిష్కరించింది అని వ్రాయడం సరికాదు. బహిష్కరణకు కమిటీ సిఫార్సు చేసింది అని, సభ తీర్మానం ఆమోదించిన తరువాత సభ బహిష్కరించింది అని వ్రాయడం సముచితం. కమిటీ సమావేశాలు బహిరంగంగా జరగవు. నివేదిక సభకు సమర్పించక ముందే అందులోని అంశాలను ప్రచురించడం సభాహక్కుల ఉల్లంఘన కిందకు రావచ్చు. కమిటీ పిలుపుపై హాజరయ్యే అధికారులు కూడా తమ వాంగ్మూల వివరాలను వెల్లడించరాదు.

కమిటీల సిఫార్సులు - సభల నిర్ణయాలు

సభలో ప్రశ్నలు వేయుటకు డబ్బు తీసుకున్నారన్న ఆరోపణపై 2005 డిసెంబరు 23వ తేదీన 11 మంది పార్లమెంటు సభ్యులు బహిష్కృతులయ్యారు. వీరిలో 10 మంది లోక్‌సభ సభ్యులు, ఒకరు రాజ్యసభ సభ్యులు. లోక్‌సభలో ప్రత్యేక విచారణ కమిటీ, రాజ్యసభలో నైతిక విలువల కమిటీ ఈ విచారణలు జరిపాయి. సభకు బహిష్కరణ అధికారం ఉందని 2007 జనవరి 10వ తేదీన రాజారాం పాల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మెజారిటీ తీర్పు ద్వారా స్పష్టం చేసింది. అయితే తీవ్రమైన అక్రమం లేదా రాజ్యాంగ విరుద్ధత జరిగిన పక్షంలో న్యాయసమీక్షకు అవకాశం ఉంటుందని కూడా పేర్కొన్నది. లోక్‌సభ కమిటీ నివేదిక ఆధారంగా 2023 డిసెంబరు 8వ తేదీన శ్రీమతి మహువా మొయిత్రా లోక్‌సభ నుంచి బహిష్కృతులు కాగా, 2024 సాధారణ ఎన్నికల్లో ఆమె కృష్ణనగర్ నుంచి తిరిగి ఎన్నికయ్యారు. బహిష్కరణ వల్ల సభ్యత్వం పోతుందే తప్ప తిరిగి పోటీ చేసే అర్హత పోదన్నది ఈ ఉదంతం వల్ల తెలియవచ్చుచున్నది.

న్యాయస్థానాలు నిర్దేశించిన హద్దులు

రాష్ట్ర శాసనసభలకు సంబంధించి సుప్రీంకోర్టు, హైకోర్టు ఇచ్చిన నాలుగు తీర్పులు ప్రత్యేకంగా గమనించదగినవి.

పంజాబ్ మాజీ ముఖ్యమంత్రి శ్రీ అమరీందర్ సింగ్‌ను 2008లో ఆ రాష్ట్ర శాసనసభ బహిష్కరించింది. అంతకు ముందటి సభ కాలంలో ముఖ్యమంత్రిగా ఆయన తీసుకున్న భూ సంబంధ నిర్ణయం ఇందుకు కారణం. సభా కార్యక్రమాలకు ఆటంకం కలిగించని, గత సభ కాలంలోని కార్యనిర్వాహక చర్యపై ఇటువంటి దండన చెల్లదని 2010లో రాజ్యాంగ ధర్మాసనం ఆ బహిష్కరణను రద్దు చేసింది.

తెలంగాణ శాసనసభ 2018 మార్చి 13వ తేదీన ఇద్దరు సభ్యుల సభ్యత్వాన్ని రద్దు చేసింది. గవర్నరు ప్రసంగ సమయంలో జరిగిన ఘటన దీనికి నేపథ్యం. సభ్యులకు తమ వాదన వినిపించే అవకాశం ఇవ్వలేదన్న అంశంపై, సహజ న్యాయసూత్రాలకు విరుద్ధమని అప్పటి ఉమ్మడి హైకోర్టు అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

మహారాష్ట్ర శాసనసభ 2021 జులైలో 12 మంది సభ్యులను ఒక సంవత్సరంపాటు సస్పెండ్ చేసింది. జరుగుతున్న సమావేశాల కాలాన్ని మించి సస్పెన్షన్ కొనసాగించడం రాజ్యాంగ విరుద్ధమని 2022 జనవరి 28వ తేదీన సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సభ్యుని బహిష్కరిస్తే ఉప ఎన్నిక జరిగి నియోజకవర్గానికి ప్రతినిధి లభిస్తారు. సంవత్సరకాలం సస్పెండ్ చేస్తే స్థానం ఖాళీ కాదు, ప్రతినిధి సభలో ఉండరు. శిక్ష సభ్యునికే కాక నియోజకవర్గ ప్రజలకు కూడా పడుతుందన్నది ఈ తీర్పులోని కీలకాంశం.

బీహార్ శాసనమండలి ఉదంతం నైతిక విలువల కమిటీకి నేరుగా సంబంధించినది. 2024 ఫిబ్రవరి 13వ తేదీన మండలిలో ముఖ్యమంత్రిని అనుకరిస్తూ హేళన చేశారన్న ఆరోపణపై విపక్ష సభ్యుడు శ్రీ సునీల్ కుమార్ సింగ్‌పై కమిటీ విచారణ జరిపి బహిష్కరణకు సిఫార్సు చేసింది. 2024 జులై 26వ తేదీన మండలి ఆయనను బహిష్కరించింది. అదే ఘటనలో విచారం వ్యక్తం చేసిన మరొక సభ్యునికి స్వల్పకాల సస్పెన్షన్ మాత్రమే విధించారు. ఈ వ్యవహారంలో సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 25వ తేదీన తీర్పునిచ్చింది. సభ్యుని ప్రవర్తన శాసనకర్తకు తగినది కాదని స్పష్టంగా పేర్కొంటూనే, బహిష్కరణ దోషానికి మించిన దండన అని నిర్ణయించింది. బహిష్కరణలో గడిచిన సుమారు ఏడు నెలల కాలాన్ని సస్పెన్షన్‌గా పరిగణించి, సభ్యత్వాన్ని పునరుద్ధరించింది.

సభా కార్యక్రమాల నిర్వహణలోని విధానపరమైన లోపాలను న్యాయస్థానాలు ప్రశ్నించరాదని 212వ అధికరణం చెబుతున్నది. అయితే ఆ కార్యక్రమాల ఫలితంగా వెలువడే దండన నిర్ణయం న్యాయసమీక్షకు అతీతం కాదని సుప్రీంకోర్టు ఈ తీర్పులో వివరించింది. సభకు కలిగిన ఆటంకం తీవ్రత, సభ్యుని పూర్వ ప్రవర్తన, తరువాతి ప్రవర్తన, తక్కువ స్థాయి చర్యలకు గల అవకాశం, ఓటర్ల ప్రయోజనం వంటి అంశాలను దండన నిర్ణయించే ముందు పరిశీలించాలని సూచించింది. రాష్ట్రాల నైతిక విలువల కమిటీలు ఇకపై సమర్పించే నివేదికలకు ఈ అంశాలే గీటురాయి కానున్నాయి. దోషం రుజువైనదని చెప్పడంతోపాటు, సిఫార్సు చేసిన దండన ఎందుకు తగినదో, తక్కువ దండన ఎందుకు సరిపోదో నివేదికలో కారణాలు చూపవలసి ఉంటుంది.

పరిమితులు

ఈ వ్యవస్థకు కొన్ని సహజమైన పరిమితులు ఉన్నాయి. కమిటీ సభ్యులందరూ రాజకీయ పక్షాలకు చెందినవారే. సభలో పక్షాల బలాన్ని అనుసరించి కమిటీ కూర్పు ఉండటం వల్ల అధికార పక్షానికి ఆధిక్యం లభించడం సాధారణం. నివేదికలు ఏకగ్రీవంగా రానప్పుడు అవి రాజకీయ విమర్శలకు గురవుతున్నాయి. ఆరోపణలపై దర్యాప్తు జరిపేందుకు కమిటీకి సొంత యంత్రాంగం లేదు. బ్రిటన్‌లో 1995 నుంచి పార్లమెంటు ప్రమాణాల కమిషనర్ అనే స్వతంత్ర అధికారి ప్రాథమిక విచారణ జరిపి కమిటీకి నివేదిస్తున్నారు. రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం సిఫార్సు ఇటువంటి ఏర్పాటును ఉద్దేశించినదే.

ఈ పరిమితులలోనే కమిటీ విశ్వసనీయత మూడు విషయాలపై ఆధారపడి ఉంది. నియమావళి ముందుగానే స్పష్టంగా ఉండాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న సభ్యునికి ఆధారాల ప్రతులు, వాదన వినిపించే అవకాశం లభించాలి. అధికార పక్ష సభ్యునికి, ప్రతిపక్ష సభ్యునికి ఒకే కొలబద్ద వర్తించాలి. కమిటీ సిఫార్సుల వార్తలను అందించే పాత్రికేయులు, కమిటీకి సమాచారం సమకూర్చే అధికారులు ఈ మూడు అంశాలను గమనంలో ఉంచుకున్నట్లయితే, ఒక్కొక్క నివేదికలోని బలాబలాలను ప్రజలకు యథాతథంగా వివరించగలుగుతారు. సభ్యుని పదవితోపాటు ఆయనను ఎన్నుకున్న లక్షలాది ఓటర్ల ప్రాతినిధ్యం కూడా ఈ విచారణల ఫలితంతో ముడిపడి ఉన్నందున ఇది ఎంతైనా అవసరం.